రాయి ఎక్కడ తగిలింది?

మా సందులో అద్దాల బాబాయికి ఒకటే జబ్బు ఉండేది. కారు ముందద్దం పగిలిందని ఎవరు వచ్చినా ఆయన కూర్చోమనడు, ఏ కారు అనడు, ఎప్పటికి కావాలి అనడు. చెవిమీది పెన్సిలు తీసి, నుదుటిమీది కళ్ళద్దాలు ముక్కుమీదకి దించి, "రాయి ఎక్కడ తగిలింది?" అంటాడు.

వచ్చినవాళ్ళు పాపం పగిలినచోట వేలు పెట్టి చూపిస్తారు. "అది నాకూ కనిపిస్తోంది. ఏ రోడ్డు మీద?" అంటాడు. రోడ్డు చెబితే ఏ మలుపో కావాలి. మలుపు చెబితే ఎడమ పక్కో కుడి పక్కో కావాలి. ముందు లారీ వెళుతోందా, లారీలో ఏముంది, పైన పరదా కప్పారా, కప్పితే ఎన్ని తాళ్ళతో కట్టారు. పెళ్ళి సంబంధానికి కూడా ఎవరూ ఇన్ని వివరాలు కనుక్కోరు. ఇవన్నీ తేలేదాకా ఆయన చెయ్యి పనిముట్ల పెట్టె మీదకి వెళ్ళదు.

ఆ పక్క కొట్టు నాది. కార్ల సీట్లకి కవర్లు కుడతాను. మా రెండు కొట్లకీ మధ్య ఉన్నదాన్ని గోడ అని కొట్ల యజమాని అనేవాడు గానీ, నిజానికి అది రేకు. అటు బాబాయి తుమ్మితే ఇటు నా సూదిలో దారం జారిపోయేది. అందుచేత పదకొండేళ్ళపాటు ఆయన అడిగిన ప్రతి ప్రశ్నా నేను కూడా విన్నాను. చుట్టరికం ఏమీ లేదు. సందులో అందరికీ ఆయన బాబాయి, ఆయన భార్య అందరికీ పిన్ని. అంతే.

ఒకసారి ఒక టీచరమ్మ వచ్చింది. ఎక్కడ తగిలిందమ్మా అంటే, ఎక్కడో దారిలో అంది. "ఎక్కడో అనే చోటికి నాకు దారి తెలీదమ్మా, కాస్త గుర్తు తెచ్చుకో" అన్నాడు బాబాయి. ఆవిడకి ఏమీ గుర్తులేదు, కారులో రేడియో వింటూ వస్తోందట. రేడియోలో ఏమొస్తోంది అన్నాడు. వార్తలు అంది. ముఖ్యాంశాలు అయిపోయాయా అన్నాడు. అయిపోయి, వాతావరణం చెబుతున్నారంది. బాబాయి వేళ్ళు మడిచి లెక్కపెట్టి, పాఠశాల గేటు దగ్గర బయల్దేరిన కారు వాతావరణం వేళకి పిండిమర దాటి వంతెన ఎక్కకముందు ఉంటుందని తేల్చాడు. ఆవిడ నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. తన క్లాసులో లెక్కలు చెప్పేది తనే మరి.

ఇంకోసారి ఒక డాక్టరుగారు. పేషెంట్లు ఎదురు చూస్తున్నారు, తొందరగా కానిమ్మన్నాడు. ఆయన తొందర చూసి, ఆ ఒక్కసారికి ప్రశ్నలు తేలకముందే పాత అద్దం ఊడదీయడం అయితే అయింది. కొత్త అద్దం రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, బాబాయి కారు ముందు నిలబడిపోయాడు. మలుపుకి ముందా తరవాతా చెబితేగానీ బిగించనన్నాడు. డాక్టరుగారు విధిలేక భార్యకి ఫోన్ చేశాడు. ఆవిడ ముందు అంది, ఈయన తరవాత అన్నాడు, పావుగంట ఫోన్‌లో యుద్ధం. బాబాయి అద్దం మోస్తూనే ఉన్నాడు.

"ఆపరేషన్‌కి ముందు నేను కూడా ఇన్ని ప్రశ్నలు వెయ్యనయ్యా" అన్నాడు డాక్టరు చివరికి.

"మీరు కోసింది మళ్ళీ అతుక్కుంటుంది సార్. నాది అలా కాదు."

ఇలా రాబట్టిన వివరాలన్నీ ఎక్కించడానికి ఆయన దగ్గర ఒక పటం ఉండేది. అద్దాలు ప్యాక్ చేసి వచ్చే పెద్ద అట్ట, దాని వెనకవైపు ఊళ్ళో రోడ్లన్నీ తనే గీశాడు. ఎక్కడ రాయి తగిలితే అక్కడ ఎర్ర చుక్క. పటం నిండా పొంగు పోసినట్టు చుక్కలు. ఎందుకు బాబాయ్ ఇదంతా అంటే, "ఊరికే, తెలుసుకుని ఉంటే మంచిది కదా" అనేవాడు.

ఎందుకో మాకు తెలుసని మేం అనుకునేవాళ్ళం. ఎదురుగా టీకొట్టాయన ఉన్నాడు, ఆయన కనిపెట్టాడు. ఆదివారం మా కొట్లకి సెలవు. ఆ రోజు పొద్దున్నే బాబాయి స్కూటరు ముందు ఒక బుట్ట, వెనక ఒక చీపురు కట్టుకుని ఎక్కడికో వెళ్ళడం టీకొట్టాయన రెండు మూడుసార్లు చూశాడు. చుట్టాలింటికి చీపురు పట్టుకుని ఎవరూ వెళ్ళరు. పైగా తిరిగి వచ్చేటప్పుడు ఆ బుట్టలో నాలుగు కంకర రాళ్ళు దొర్లుతూ కనిపించాయి.

"ఇంకేముంది? వెళ్ళి మలుపుల్లో కంకర చల్లి వస్తున్నాడు. ఆదివారం విత్తుతాడు, సోమవారం కోస్తాడు. ఏ మడిలో పంట బాగా పండిందో తెలియాలి కదా, అందుకే ఎక్కడ ఎక్కడ అని అడుగుతాడు" అన్నాడు టీకొట్టాయన.

ఆ మాటకి సందు సందంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తరవాత బాబాయి కొట్టుకి ఎవరైనా కారు తెచ్చినప్పుడల్లా, టీకొట్టాయన గ్లాసు కడుగుతూ "వానలు బాగా పడ్డట్టున్నాయి బాబాయ్, దిగుబడి బాగుంది" అనేవాడు. బాబాయి కూడా తలెత్తకుండా, "ఏదో, నీ దయవల్ల" అనేవాడు. కాదని ఒక్కనాడూ అనలేదు. మరి చీపురెందుకు అని మాలో ఒక్కడికీ తట్టలేదు. నవ్వడానికి సరిపడా దొరికాక మనిషి ఇంకా వెతకడు.

మధ్యాహ్నం కారియరు తెచ్చే పిన్నికి మాత్రం వేరే గొడవ. "ఇంట్లో చీపురు నెల రోజులు ఉండదురా అబ్బాయ్. కొత్తది తేవడమే తరవాయి, మొండి అయిపోతుంది. ఈయన నములుతున్నాడేమో" అని నా దగ్గర మొర పెట్టుకునేది.

అలా ఉండగా ఒక బుధవారం పొద్దున మా సందులోకి ఆ కారు వచ్చింది.

రావడం అంటే అది రాలేదు, పాకింది. నారింజపండు రంగు, నేలకి జానెడెత్తు ముక్కు, పులి గొంతు సవరించుకున్నట్టు చప్పుడు. మా సందు మొదట్లో ఉన్న చిన్న కాలవ మీది పలక దాటడానికే దానికి పది నిమిషాలు పట్టింది. అటూ ఇటూ చెక్కలు వేసి, నలుగురు పొట్టలు నేలకానించి కిందికి చూస్తూ, రానీ రానీ అంటే అది ఒక్కొక్క అంగుళం వచ్చింది. తీరా ఆగాక దాని తలుపు అందరి తలుపుల్లా పక్కకి కాక, పేడపురుగు రెక్కలా పైకి లేచింది. లోపలినుంచి ముందు ఒక గొడుగు వచ్చింది. తరవాత ఒక చెప్పు. తరవాత రెండు అరచేతులు నేలమీద ఆనాయి. వాటి వెనకే ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న ఒక పెద్దమనిషి నాలుగు కాళ్ళమీద బయటికి వచ్చాడు. టీకొట్టాయన పరుగున వెళ్ళి చంకల్లో చేతులు వేసి నిలబెట్టాడు.

ఆయన రిటైరైన పోస్టుమాస్టరు. కారు అల్లుడిది. దేశం మొత్తంలో ఇలాంటివి రెండే ఉన్నాయట, రెండోది ఎక్కడుందో ఎవరికీ తెలియదట. అల్లుడు పదేళ్ళు కూడబెట్టి, ఎవరో వాడి వదిలేసినదాన్ని కొని, విప్పి, తుడిచి, మళ్ళీ బిగించుకున్నాడు. ఆదివారం పొద్దున ఒక్క గంట నడిపి, మళ్ళీ దుప్పటి కప్పి పడుకోబెడతాడు. పని మీద రెండు వారాలు ఊరికి వెళుతూ తాళం మామగారి చేతికిచ్చాడు. రోజు విడిచి రోజు ఇంజను అయిదు నిమిషాలు తిప్పి ఆపెయ్యాలి, కదపకూడదు. శుక్రవారం సాయంత్రం తిరిగి వస్తున్నాడు.

ముందద్దం మీద, డ్రైవరు కళ్ళకి కొంచెం దిగువన, ఒక తపాలా బిళ్ళ అంటించి ఉంది. బిళ్ళ మీద కొంగ బొమ్మ. దాని కిందనుంచి ఒక గీత వేలెడు పొడుగు బయటికి వచ్చింది.

"చిరిగిన కవరుకి బిళ్ళ వేస్తే చిరుగు ఆగుతుంది. అలవాటుకొద్దీ వేశాను" అన్నాడు పోస్టుమాస్టరు, ఎటో చూస్తూ.

"ముద్ర ఒక్కటే తక్కువ" అన్నాడు టీకొట్టాయన.

పోస్టుమాస్టరు అప్పటికే అన్నిచోట్లా కనుక్కున్నాడట. కొత్త అద్దం కావాలంటే తయారు చేసినవాళ్ళకే రాయాలి, మనం అడిగాకే వాళ్ళు అద్దం పోత పోస్తారు, ఓడలో వేస్తారు, అయిదు నెలలు. శుక్రవారానికి అయిదు నెలలు లేవు, రెండు రోజులున్నాయి. గీత అంచుదాకా పాకిందంటే ఇక అతకడం ఎవరివల్లా కాదు. అతికితే బాబాయే అతకాలని ముగ్గురు చెప్పి పంపారు.

బాబాయి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. పెన్సిలు తీశాడు. కళ్ళద్దాలు దించాడు. సందులో ఉన్న అందరం ఆయనతోపాటు పెదవులు కదిపాం.

"రాయి ఎక్కడ తగిలింది మాస్టారూ?"

"షెడ్డులో" అన్నాడు పోస్టుమాస్టరు. "పిట్ట పడేసింది."

"ఏ పిట్ట?"

పోస్టుమాస్టరు బిళ్ళ మీది కొంగకేసి చూసి, కొంగ అన్నాడు. షెడ్డుకి కప్పు ఉందా అని బాబాయి. ఉందని ఆయన. మరి కొంగ ఎటునుంచి వచ్చిందని బాబాయి. కాసేపాలోచించి, కొంగ కాదు, పక్కింటి పిల్లలు బంతి ఆడుతున్నారని ఆయన. బంతి అయితే రాయి కాదు కదా అని బాబాయి. ముప్పై ఏడేళ్ళ సర్వీసులో అబద్ధం చెప్పే అవసరం రాని మనిషని తెలుస్తూనే ఉంది. చెప్పిన ప్రతి అబద్ధానికీ ఆయన చెవులు ఎర్రబడుతున్నాయి. బాబాయి నెమ్మదిగా కారు ముక్కు దగ్గర గొంతుకూర్చుని, వేలితో గీకి చూపించాడు.

"షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకున్న కారుకి ఇన్ని పురుగులు ఎదురొచ్చి గుద్దుకున్నాయా మాస్టారూ?"

ఎవరూ నవ్వలేదు. పోస్టుమాస్టరు గొడుగు తెరిచి మళ్ళీ మూశాడు. బాబాయి లేచి ఆయన్ని నా కొట్లోకి తీసుకొచ్చి, నేను కుడుతున్న సీటు మీదే కూర్చోబెట్టాడు.

"మీ అల్లుడికి నేను చెప్పను. ఎవరు నడిపారు, ఎందుకు నడిపారు, నాకక్కర్లేదు. ఎక్కడో చెప్పండి చాలు."

అప్పుడు చెప్పాడు. ఎనిమిది రోజులు అల్లుడు చెప్పినట్టే ఇంజను తిప్పి ఆపేశాడట. తొమ్మిదో రోజు ఆయన ఇంజను తిప్పుతుంటే భార్య వచ్చి పక్కన కూర్చుంది. ముప్పై ఏడేళ్ళు మీ సైకిలు వెనక కూర్చున్నాను, ఒక్కసారి ముందు కూర్చుంటాను, ఎలాగూ దీనికి వెనక సీటు లేదు అంది. కొండ దిగువ రోడ్డు మీద తీసుకెళ్ళాడు. వెళ్ళేటప్పుడు ఆవిడ నవ్వింది. వచ్చేటప్పుడు మలుపులో కంకర లారీ ఎదురై, టప్పుమంది.

"నా కూతుర్ని చేసుకునేటప్పుడు అల్లుడుగారు నన్ను ఒక్క మాట అడగలేదు. ఈ తాళం ఇచ్చేటప్పుడు మాత్రం నా రెండు చేతులూ పట్టుకున్నాడు" అన్నాడు పోస్టుమాస్టరు. "ఊరి ఉత్తరాలన్నీ ముప్పై ఏడేళ్ళు నా చేతిలోంచి వెళ్ళాయి. ఒక్క కవరు విప్పి చూడలేదు నేను. ఇప్పుడు ఇది."

 బాబాయి పెన్సిలు నాలికమీద తడి చేసుకుని, "మలుపు అన్నారు, ఏ మలుపు?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆ మనిషి అంత బాధలో ఉంటే ఈయనకి మలుపు కావాలి. పోస్టుమాస్టరుకి మాత్రం ఆ ప్రశ్నతో ప్రాణం లేచివచ్చినట్టయింది. చిరునామా చెప్పడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. నిటారుగా కూర్చుని, కొండ దిగువ రోడ్డు, నీళ్ళట్యాంకు దాటాక, కంకర మిల్లు గేటుకి ఎదురు, ఎడమచేతి మలుపు, మైలురాయికి పది అడుగులు ఇవతల, అని ఒక్క గుక్కలో చెప్పాడు. బాబాయి కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళలో ఇంత చక్కగా చెప్పిన మనిషి లేడన్నాడు. పటం మీద అక్కడ అప్పటికే తొమ్మిది చుక్కలున్నాయి. పదోది పెట్టి, చొక్కా చేతులు పైకి మడిచాడు.

అద్దం ఇంకా ఎండలో వచ్చిన వేడిమీద ఉంది. అది చల్లారితేగానీ ముట్టుకోకూడదు. తొందరగా చల్లారుతుంది కదా అని పోస్టుమాస్టరు కారులో ఏసీ వెయ్యబోయాడు. బాబాయి ఆయన చేతిలోంచి తాళం లాక్కుని తన నోట్లో పెట్టుకున్నాడు. వేడి అద్దానికి లోపల్నుంచి చల్లగాలి తగిలితే గీత అంచుదాకా పరుగెత్తుతుందని తరవాత తాళం తీసి చెప్పాడు. మా రేకు పందిరి కింద గంటసేపు కారు చల్లారింది. ఆ గంటా పోస్టుమాస్టరు దానికి గొడుగు పట్టాడు, నీడలోనే.

బిళ్ళ తీసి చూసి బాబాయి తల ఊపాడు. బిళ్ళ వెయ్యడంవల్ల దెబ్బలోకి దుమ్ము పోలేదు, తడి పోలేదు. ఇలా చెయ్యాలని తెలిసినవాళ్ళు వందలో ఒకరు ఉండరు. కానీ బిళ్ళ వెనక బంక మాత్రం లోపలికి దిగింది. మంచీ చెడూ రెండూ మాస్టారు ఒకే బిళ్ళతో చేశారన్నాడు. ఆ బంకని సూదిమొనతో తియ్యడానికి ఇంకో గంట.

ఇక గీత కొసన ఆవగింజంత రంధ్రం పెట్టాలి. దారి అక్కడితో ముగిసిందని గీతకి తెలియడానికట. బాబాయి చెయ్యి ఎత్తాడు. నేను కుట్టుమిషను ఆపాను. టీకొట్టాయన గ్లాసులో చెంచా తిప్పడం ఆపాడు. కారియరు తెచ్చిన పిన్ని సందు మొదట్లోనే నిలబడిపోయింది. రంధ్రం పడబోతుండగా 'టిక్' మని చిన్న చప్పుడు. గీత బియ్యపుగింజంత ముందుకి జరిగింది. పోస్టుమాస్టరు కళ్ళు మూసుకున్నాడు. బాబాయి అద్దానికి మొహం ఆనించి, ఏడ్చే పసిపిల్లకి చెప్పినట్టు, "ఆగమ్మా, ఆగు, అయిపోయింది" అన్నాడు. ఆగింది. ఆయన చెప్పినందుకు ఆగిందో, రంధ్రం పడినందుకు ఆగిందో, ఇప్పటికీ నేను చెప్పలేను.

తరవాత పిచికారీ లాంటి గొట్టం బిగించి, లోపలి గాలి లాగేసి, నీళ్ళలాంటి జిగురు ఎక్కించాడు. ఆ జిగురు నీడలో పట్టాలి, ఎండలో గట్టిపడాలి. మా సందులోకి ఎండ వచ్చేదే మధ్యాహ్నం ఒక గంట. పని తేలేసరికి ఆ ఎండ కాస్తా టీకొట్టు ముందుకి వెళ్ళిపోయింది. ఇంజను వేస్తే అదురుతుంది. అందుకని దేశంలో రెండే ఉన్న కారుని సందంతా కలిసి తోశాం. టీకొట్టాయన బల్లలు ఎత్తేసి చోటిచ్చాడు. కదిలే ఎండ వెనకే అంగుళం అంగుళం తోసుకుంటూ వెళ్ళాం, ఆ రోజు ఎవరం పని చెయ్యలేదు. పోస్టుమాస్టరు ముందు నడుస్తూ, పసిబిడ్డ నిద్రపోతున్న ఉయ్యాల వెంట నడిచినట్టు, నెమ్మది నెమ్మది అంటూనే ఉన్నాడు.

చివరికి జిగురు చెక్కి, తుడిచి చూస్తే వేలెడు గీత లేదు. దెబ్బ తగిలినచోట మాత్రం ఆవగింజంత మచ్చ.

"తెలిసినవాడికే కనిపిస్తుంది" అన్నాడు బాబాయి.

"అల్లుడుగారికి తెలుస్తుంది. ఆయన ఆ అద్దాన్ని సొంత చొక్కాతో తుడుస్తాడు."

"అడిగితే ఎక్కడో చెప్పండి మాస్టారూ. మీరు చాలా బాగా చెబుతారు."

ఆదివారం పొద్దున పోస్టుమాస్టరు మా ఇంటికే వచ్చాడు. రాత్రి నిద్ర లేనట్టు మొహం. అల్లుడు శుక్రవారమే వచ్చాడట. అద్దం తుడిచాడు, మచ్చ దగ్గర చెయ్యి ఆగింది, మళ్ళీ తుడిచాడు, ఏమీ అనలేదు. ఈయన కూడా ఏమీ అనలేదు. రెండు రోజులుగా ఇద్దరూ ఒకరికొకరు అన్నం వడ్డించుకుంటున్నారు తప్ప మాటల్లేవు. అది చాలదన్నట్టు, బాబాయిని కలుద్దామని ముందురోజు సందుకి వెళితే టీకొట్టాయన విత్తడం, కోయడం కథ చెప్పాడట.

"ఆ కంకర చల్లేది మీ బాబాయేనట. నేను మైలురాయితో సహా చిరునామా ఇచ్చి వచ్చాను" అన్నాడు. "పద, పట్టుకుందాం."

అది సరదాకి అన్న మాటేనని చెప్పబోయి ఆగాను. నిజంగా సరదాయేనా అన్న సంగతి నాకూ తెలియదు. స్కూటరు మీద ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని కొండ దిగువ రోడ్డుకి వెళ్ళాను. నీళ్ళట్యాంకు దాటాక స్కూటరు ఆపి, నడిచి వెళ్ళి, మైలురాయి వెనక ఇద్దరం నక్కాం. ఆ మైలురాయి ఒక్క మనిషికే చాలదు.

మలుపుకి ఇవతల ఒక కర్రకి ఎర్రగుడ్డ కట్టి పాతి ఉంది. బాబాయి పంచె మోకాళ్ళపైకి ఎగ్గట్టి రోడ్డు ఊడుస్తున్నాడు. మిల్లునుంచి వచ్చే లారీలు మలుపు తిరిగేటప్పుడు ఒరుగుతాయి, ఒరిగినప్పుడల్లా గుప్పెడు కంకర జారుతుంది. ఆ కంకరంతా చీపురుతో పక్కకి లాగి, బుట్టకెత్తి, రోడ్డంచున ఉన్న గుంటలో పోసి, కాలితో తొక్కి, మళ్ళీ వచ్చి ఊడుస్తున్నాడు. చీపురు సగం అరిగిపోయింది. పిన్ని చీపుళ్ళు ఎక్కడికి పోతున్నాయో అప్పుడు తెలిసింది.

పోస్టుమాస్టరు చాలాసేపు చూశాడు. తరవాత మైలురాయి వెనకనుంచి లేచి, చొక్కా దులుపుకుని, బాబాయి దగ్గరికి నడిచాడు.

"ముప్పై ఏడేళ్ళు తపాలాలో చేశాను. ఇచ్చిన చిరునామాకి ఇంత త్వరగా చేరినవాణ్ణి చూడలేదు" అన్నాడు.

దొంగతనం చేస్తూ దొరికినట్టు బాబాయి చీపురు వెనక దాచుకున్నాడు. ఎప్పట్నించి ఈ పని అని నేనడిగితే, పటం గీసినప్పట్నుంచి అన్నాడు. ఆ నాలుగు రాళ్ళు ఇంటికెందుకు అంటే, పిన్ని కుండీల అడుగున వేస్తుందన్నాడు. మరి మేం ఇన్నేళ్ళు రాళ్ళు చల్లుతున్నావని నవ్వుకుంటుంటే కాదని ఎందుకు చెప్పలేదు అన్నాను.

"నవ్వితే నవ్వండిరా, పోయేదేముంది? ఇది చెబితే పొగుడుతారు. పొగిడేవాళ్ళ ముందు ఊడవడం కష్టం."

"రాళ్ళు తగలకపోతే నీ కొట్టెలా నడుస్తుంది బాబాయ్?"

"లోకంలో రాళ్ళకి కరువొస్తుందా? నేను ఊడ్చేది నాకు తెలిసినవే." చీపురు తిరగేసి నేలకి కొడుతూ అన్నాడు, "కారుకి తగిలితే అద్దం పోతుంది, నా దగ్గరికి వస్తారు, అతుకుతాను. సైకిలు మీద పోయేవాడికి ముందు అద్దం లేదు కదరా. వాడు నా దగ్గరికి రాడు."

పోస్టుమాస్టరు ముప్పై ఏడేళ్ళు సైకిలు తొక్కిన మనిషి. వంగి బుట్ట అందుకున్నాడు. నేను చేతులతో ఎత్తడం మొదలుపెట్టాను.

అప్పుడు వినిపించింది, పులి గొంతు సవరించుకున్న చప్పుడు. మలుపు దగ్గర నారింజరంగు కారు ఎర్రగుడ్డ చూసి నెమ్మదించి, మా ముందు ఆగింది. పోస్టుమాస్టరు బుట్టని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మొహం ఒక్కటే దాగింది. కారు తలుపు రెక్క పైకి లేచింది. నడుపుతున్నది అల్లుడు. పక్కన, ముందు సీట్లో, పోస్టుమాస్టరుగారి భార్య.

"మామయ్యగారూ, ఇక్కడేనా?" అన్నాడు అల్లుడు.

బుట్ట వెనకనుంచి, "మైలురాయికి పది అడుగులు ఇవతల" అని వచ్చింది.

"నేనే చెప్పాను" అంది ఆవిడ. "మీరిద్దరూ అలా అన్నం వడ్డించుకుంటుంటే నాకు అరగడం లేదు."

అల్లుడు ఆ మచ్చ మీద వేలు ఆనించాడు. కొత్త అద్దం తెప్పించనని చెప్పాడు. "అత్తయ్యగారు మొదటిసారి ఈ కారెక్కిన గుర్తు ఇదొక్కటే కదా. ఈసారి మీరు తాళం తీసుకున్నప్పుడు కొంచెం దూరం వెళ్ళండి మామయ్యగారూ. అయిదు నిమిషాలకి దీని ఇంజను వేడెక్కదు."

బుట్ట దిగింది. పోస్టుమాస్టరు మొహమంతా కంకర దుమ్ము, కళ్ళ కింద మాత్రం రెండు చారలు శుభ్రంగా ఉన్నాయి. అల్లుడు కారుని పక్కకి తీసి దిగి, ఇంకో చీపురుందా అన్నాడు. లేదు, ఉన్నదీ మొండి అయిపోయిందన్నాడు బాబాయి. అయితే వచ్చే ఆదివారం తెస్తానంటూ అల్లుడు, మొన్న ఊరినుంచి వస్తుంటే టాక్సీకి కూడా ఇలాగే ఒక రాయి తగిలిందని మాటవరసకి అన్నాడు.

బాబాయి చెయ్యి చెవిమీదకి వెళ్ళింది. పెన్సిలు వచ్చింది. కళ్ళద్దాలు దిగాయి. మేం ముగ్గురం పక్కకి తప్పుకున్నాం, దీనికి ఇంకో గంట పడుతుందని తెలిసి.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. బాబాయి మోకాళ్ళు సహకరించక కొట్టు వదిలేశాడు. అక్కడిప్పుడు గాజు తలుపుల షాపు. ఒక అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని బండి నంబరు, ఏ సంవత్సరం, ఏ రంగు అని అడిగి టకటకా కొట్టుకుంటుంది. రాయి ఎక్కడ తగిలిందని అడగదు. పటం నా కొట్లో, కుట్టుమిషను పైన గోడకుంది. చుక్కలు ఇంకా పెరుగుతున్నాయి. అద్దం వేసేదాకా కూర్చోవడానికి చోటు లేక జనం నా కొట్లోకే వస్తారు. పోనీ కదా అని నేనే అడుగుతాను. వాళ్ళు నన్ను వింతగా చూస్తారు.

"ఆయనతో జాగ్రత్తండీ" అంటాడు టీకొట్టాయన, గ్లాసు కడుగుతూ. "ఆదివారం చీపురు కట్టుకుని స్కూటరు మీద వెళతాడు. ఆదివారం విత్తుతాడు, సోమవారం కోస్తాడు."

"ఏదో, నీ దయవల్ల" అంటాను తలెత్తకుండా, పెన్సిలు చెక్కుకుంటూ.